వీధికుక్కకు హాజరు వేయడం ఎలా

బైనాక్యులర్ కొనకండి. కనీసం మొదటి ఆర్నెల్లూ వద్దు. జంతువుల్ని గమనించాలన్న సరదా పుట్టగానే అందరూ చేసే మొదటి పని అదే. రెండో పని దాన్ని అలమారాలో పెట్టి మర్చిపోవడం. మీకు కావలసింది ఓ రూళ్ల నోటుబుక్కు, రెండు పెన్సిళ్లు, ఫోన్‌లో టైమరు, నీడపట్టున కూర్చోవడానికి ఓ అరుగు. పెన్ను ఎందుకు వద్దంటే, మన విశాఖ గాలి సంగతి తెలిసిందేగా. బీచ్ రోడ్డులో కాసేపు కూర్చుంటే చెయ్యి జిడ్డు, కాగితం చెమ్మ, రాసిందంతా అలుక్కుపోతుంది.

నేను ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతాను. నా చదువు రోజుల్లో ప్రాక్టికల్స్ అంటే ఫార్మలిన్ కంపు, మైనం ట్రే, దానిమీద గుండుసూదులతో గుచ్చిపెట్టిన కప్ప. ఇప్పుడు ఆ కోతలు చాలావరకు పోయాయి, పీడా వదిలింది. బొద్దింక మాత్రం చాలాకాలం సిలబస్‌లో ఉండిపోయింది. దాని నోటి భాగాలన్నీ గడగడా అప్పజెప్పే పిల్లాణ్ణి "అది పగలంతా ఏం చేస్తుందిరా?" అని అడిగితే నోరెళ్లబెట్టేవాడు. అందుకే ఆదివారాలు వచ్చేవాళ్లను వెంటేసుకుని బయటికి తీసుకెళ్తుంటాను. అక్కడ వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు జంతువును ఎంచుకోవాలి. కంబాలకొండ అడవిలోని చిరుత మీద మనసు పడకండి. అది మీకు కనబడదు, కనబడితే మీరు నోటుబుక్కు తియ్యరు. రోజూ ఒకే వేళకు ఒకే చోట దొరికేది కావాలి. మీ వీధికుక్కలు, కాకులు, వంటింటి చీమలు, ఇసుకలో బొరియలు తవ్వే పీతలు. ఇవేం పెద్ద సైన్సని చప్పరించేయకండి. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో రాఘవేంద్ర గదగ్కర్ దశాబ్దాలపాటు పనిచేసింది చూరుల కింద, కిటికీల పక్కన గూడు పెట్టే ఓ మామూలు కందిరీగ మీద. ఒక్కోదాని ఒంటిమీద రంగు చుక్క పెట్టి, ఎవరు ఎవర్ని అదిలిస్తున్నారు, ఎవరు మేతకు పోతున్నారు, రాణి పోతే ఆ చోటుకు వచ్చేదెవరు అని లెక్కలు కట్టారు. ఆయన దగ్గర పీహెచ్‌డీ చేసిన అనిందితా భద్ర ఆ తర్వాత కోల్‌కతాలోని ఐసర్ అనే సైన్సు విద్యాసంస్థలో వీధికుక్కల మీదే ఓ బృందాన్ని నడిపారు. మనిషి వేలితో ఒక గిన్నెను చూపిస్తే, ఏ శిక్షణా లేని వీధికుక్కలు కూడా దగ్గరికొచ్చాక చాలావరకు ఆ గిన్నె వైపే వెళ్తాయని తేల్చింది వాళ్లే. చూశారా, అక్కడ ఖరీదైన సరంజామా ఏమీ లేదు. రెండు గిన్నెలు, ఒక వేలు, బోలెడంత ఓపిక.

రాసిపెట్టుకోవడం మనకు కొత్తేమీ కాదు. 17వ శతాబ్దం మొదట్లో జహంగీర్ చక్రవర్తి పెంపుడు సారస కొంగల జంట ఎలా జతకట్టింది, ఆడామగా గుడ్లను ఎలా పొదిగాయి అన్నది తన జ్ఞాపకాల్లో వివరంగా రాసుకున్నాడు. రాజ్యం ఏలుతూ ఆయనకు తీరిక దొరికినప్పుడు మనకు ఆదివారం పొద్దున ఓ గంట దొరకదా?

ఇక జాబితా. ఒక జంతువు చేసే పనులన్నిటినీ వరసగా రాసి, ఒక్కోదాన్నీ నిర్వచించుకోవడాన్ని ఈ శాస్త్రంలో ఈతోగ్రామ్ అంటారు. పిల్లలతో నేను "పనుల పట్టీ" అంటాను. వినడానికి తేలికే గానీ అసలు తంటా ఇక్కడే. ఓ అమ్మాయి మొదటిసారి ఇలా రాసుకొచ్చింది: నల్లకుక్క అలిగీసి పక్కకెళ్లిపోయింది.

"అలిగిందని నీకెలా తెలిసిందే?"

"మొహం అటు తిప్పీసుకుందండి మేడమ్."

"మరి అదే రాయి."

కుక్కకు అలక లేదని నా వాదన కాదు. ఉందో లేదో తర్వాత చూసుకోవచ్చు. నోటుబుక్కులోకి ఎక్కవలసింది మాత్రం మీ పక్కన కూర్చున్నవాళ్లకు కూడా కనిపించేదే. తల ఎడమకు తిప్పింది, చెవులు వెనక్కి వాల్చింది, నాలుగడుగులు నడిచి కూర్చుంది. అంతే. ఇంగ్లండుకు చెందిన మనస్తత్వవేత్త లాయిడ్ మోర్గన్ 1894లో ఈ సంగతే సూత్రంగా చెప్పాడు: ఒక పనిని మామూలు కారణంతో వివరించగలిగినప్పుడు పెద్ద తెలివితేటల్ని అంటగట్టొద్దు. ఆయన కుక్క పేరు టోనీ. తోట గేటు గడియను తలతో ఎత్తి, తెరుచుకుని బయటికి పోయేది. చూసినవాళ్లంతా ఎంత తెలివో అనుకునేవాళ్లు. మోర్గన్ మొదటి నుంచీ చూశాడు కాబట్టి అసలు సంగతి ఆయనకు తెలుసు. అది కమ్మీల మధ్య తల దూరుస్తూ దూరుస్తూ ఉంటే ఓసారి అనుకోకుండా గడియ లేచింది. ఆ తర్వాత మెల్లమెల్లగా అనవసరపు కదలికలు తగ్గి, చివరికి నేరుగా గడియ దగ్గరికే వెళ్లడం అలవాటైంది. మీ అపార్టుమెంటులో పిల్లి లిఫ్టు దగ్గర కాచుక్కూచుంటే, "దీనికి మూడో అంతస్తని తెలుసు" అనే ముందు టోనీని తలుచుకోండి.

కుక్కలకు నేను ఇచ్చే పట్టీ చిన్నది. ప: పడుకుని తల నేలకు ఆనించింది. త: పడుకునే ఉంది, తల ఎత్తింది. కూ: కూర్చుంది. ని: నిలబడి కదల్లేదు. న: నడుస్తోంది. వా: ముక్కు నేలకో వస్తువుకో దగ్గరగా పెట్టి వాసన చూస్తోంది. తిం: నోట్లో ఏదో ఉంది, నములుతోంది. ఇంకో కుక్కతోనో మనిషితోనో జరిగేవాటికి విడిగా ఒక గడి. పది పన్నెండు దాటనీయకండి. పెద్ద పట్టీ రాసుకుంటే దాన్ని చదువుకునేసరికి కుక్క సందు మలుపు తిరిగేస్తుంది.

చూడడంలో అందరం ఒక బుట్టలో పడతాం. ఏది కనబడితే అది రాసుకుంటూ పోతే సాయంత్రానికి నోటుబుక్కు నిండా కొట్లాటలే ఉంటాయి. నిద్ర ఒక్క లైను ఉండదు. ఎందుకంటే కొట్లాట మన చూపును లాగుతుంది, నిద్ర లాగదు. 1974లో జీన్ ఆల్ట్‌మన్ అనే ఆవిడ ఈ తికమకను విడదీసి ఒక వ్యాసం రాశారు. కెన్యా అంబోసెలీలో బబూన్ కోతుల మీద పనిచేసిన మనిషి. ఈరోజుకీ జంతు ప్రవర్తన చదివేవాళ్లు మొదట చదివేది దాన్నే. అందులోంచి మనకు రెండు పద్ధతులు చాలు. ఒకటి, ఒక్క జంతువునే పట్టుకుని అరగంటసేపు దాన్ని వదలకుండా చూడడం. పక్కన ప్రళయం వచ్చినా కళ్లు దానిమీదే. రెండోది, గుంపులో ఉన్న అన్నిటినీ నిమిషానికోసారి ఎడమ నుంచి కుడికి ఒక చూపు చూసి, ఆ క్షణానికి ఏది ఏం చేస్తోందో గుర్తు వేయడం. టైమరు మోగినప్పుడు కనిపించిందే లెక్క. ముందు సెకనులో ఎంత అద్భుతం జరిగినా ఆ గడిలోకి రాదు.

ఫిషింగ్ హార్బర్‌లో ఒక కుక్కను ఇలా చూస్తే పేజీ ఈ మాదిరిగా ఉంటుంది. 6.40 ప. 6.41 ప. 6.42 త, ఆటో హారన్. 6.43 ప. 6.44 ప. 6.45 కనబడలేదు, బుట్టలు అడ్డం. 6.46 ని. 6.47 వా, వల అంచు. చప్పగా ఉంది కదూ? చప్పగా ఉంటేనే సరిగ్గా రాసినట్టు. "కనబడలేదు" అన్నది కూడా రాయాలి. ఆ గడిని ఖాళీగా వదిలేస్తే ఇంటికెళ్లాక "పడుకునే ఉండి ఉంటుందిలే" అని నింపబుద్ధేస్తుంది. అరవై గడుల్లో ముప్ఫై తొమ్మిదింట ప పడితే, చూడగలిగిన గడులతో భాగించి శాతం కట్టండి. అరవైతో కాదు.

అక్కడ చేపలు అమ్ముకునే ఓ పెద్దావిడ నా పుస్తకంలోకి తొంగిచూసి, "ఏటమ్మా, కుక్కలకి కూడా హాజరేస్తన్నావేటి?" అంది. అవునన్నాను. కాసేపు చూసి, "ఐసు బండొచ్చీదాకా అది లెగదు, నువ్వెంత రాసినా" అనేసి వెళ్లిపోయింది. ఇంతకన్నా మంచి ప్రశ్న ఏ ప్రొఫెసరూ ఇవ్వడు. రోజూ అక్కడే ఉండేవాళ్ల మాటను తీసిపారేయకూడదు, అలాగని నమ్మేసి ఊరుకోకూడదు. బండి వచ్చిన టైము పక్క గడిలో రాసుకుంటూ పోవాలి. బండి ఆలస్యమైన రోజు, బండి రాని రోజు కుక్క ఎప్పుడు లేచిందో చూడాలి. బండి కోసం లేస్తోందా, ఆ వేళకు ఎండ పడి లేస్తోందా, బండితోపాటు వచ్చే జనాన్ని చూసి లేస్తోందా అన్నవి మూడు వేరు సంగతులు. మబ్బు పట్టిన రోజులు ఇక్కడ బంగారం.

కుక్కల్ని గుర్తుపట్టడానికి ఫొటోకన్నా బొమ్మ మేలు. ఎడమ పక్క ఒకటి, కుడి పక్క ఒకటి గీసి మచ్చలు, చెవి చీలికలు, తోక వంపు గుర్తించుకోండి. పేర్లు పెట్టొచ్చా అంటే, 1960లో ఆఫ్రికాలోని గోంబేలో చింపాంజీల దగ్గరికి వెళ్లిన జేన్ గుడాల్ నంబర్లకు బదులు పేర్లు పెట్టినందుకు పండితులు ముక్కు విరిచారు. పేర్లతో నాకు పేచీ లేదు. కానీ "రౌడీ" అని పెట్టకండి, "తెల్లకాలు" అని పెట్టండి. రౌడీ ఆవులించినా మనకు పళ్లు చూపించినట్టే ఉంటుంది.

చూడడం కాస్త చేతికొచ్చాక చిన్న ప్రయోగం చేద్దురుగాని. దీనికి బయటికి పోనక్కర్లేదు. వంటింటి గట్టుమీద చీమల బారు ఉంటుందిగా, దాన్ని తుడిచేయకండి. బారుకు అడ్డంగా వేలితో ఒక్క గీత రుద్దండి. వస్తున్న చీమ గీత దగ్గర ఆగుతుంది, మీసాలు ఆడిస్తుంది, పక్కకు తిరుగుతుంది, కొన్ని వెనక్కి పోతాయి. వాసన దారి చెరిగిపోయిందని మీరు చప్పట్లు కొట్టేలోపు ఒక మాట. చెరిగిపోయినందుకు ఆగాయా, మీ వేలి వాసన కొత్తగా అంటుకున్నందుకు ఆగాయా? ఈ గీత దాన్ని తేల్చలేదు.

తేల్చాలంటే ఇలా చేయండి. నోటుబుక్కులోంచి రెండువేళ్ల వెడల్పు కాగితం ముక్కలు రెండు ఒకే కొలతకు కత్తిరించండి. ఒకటి బారు మీద పరిచి, చీమలు దాన్ని అలవాటు చేసుకుని పైనుంచే నడిచేదాకా వదిలేయండి. ఒక గంట పట్టొచ్చు, ఈలోగా పప్పు ఉడుకుతుంది. ఇప్పుడు మొదటి పరీక్ష. కాగితాన్ని పట్టకారుతో అంచున పట్టుకుని ఎత్తి, మళ్లీ అలాగే అదే చోట పెట్టండి. మొదటి పది చీమల్లో ఎన్ని తడబడకుండా నేరుగా దాటాయో లెక్కపెట్టండి. ఇది కేవలం కదిలించినందుకు వచ్చే గందరగోళం. బారు సర్దుకున్నాక రెండో పరీక్ష. పాత కాగితం తీసి కొత్త ముక్క పెట్టండి, అదీ పట్టకారుతోనే. మూడోసారి పాత కాగితాన్నే మళ్లీ తెచ్చి, ఈసారి అడ్డం తిప్పి పెట్టండి. దారి కాగితం మీదే ఉంటే, కాగితంతోపాటు దారి కూడా తిరిగిపోవాలి కదా. ప్రతిసారీ మొదటి పది చీమల్లో ఎన్ని నేరుగా దాటాయి అన్నది ఒక్కటే రాయండి. మూడు అంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తే, కదిలించినందుకు ఎంత, దారి పోయినందుకు ఎంత అని విడివిడిగా కనిపిస్తుంది. ఒక్కసారి చేసి ఊరుకోవద్దు, వేరే బారు మీద, వేరే రోజున మళ్లీ చేయాలి.

ఆ దారి ఎక్కణ్ణుంచి వస్తుందో 1959లో అమెరికాలో ఇ.ఓ. విల్సన్ నిప్పుచీమల్లో పట్టుకున్నాడు. చీమ పొట్ట చివర డ్యూఫోర్ గ్రంథి అని ఒకటుంటుంది. దాన్ని తీసి గాజుపలక మీద గీతలా రుద్దితే చీమలు ఆ గీత వెంబడి బారులు తీరాయి. చీమ బొమ్మ కూడా లేదు, రసం ఒక్కటే చాలింది.

మన కళ్లకన్నా ముందు మన ఒళ్లే అబద్ధం చెబుతుంది, దాన్ని కూడా కాసుకోవాలి. సంక్రాంతికి వచ్చే గంగిరెద్దును చూశారుగా. "అమ్మగారికి దండం పెట్టు" అంటే తల ఊపుతుంది. అది మాటకు ఊపుతోందా, పగ్గం కదలికకు ఊపుతోందా? బెర్లిన్‌లో 1904 ప్రాంతంలో హాన్స్ అనే గుర్రం కూడికలు, తీసివేతలు చేసి కాలిగిట్టతో నేలమీద కొట్టి జవాబు చెప్పేది. యజమాని మోసగాడు కాదు, ఆయన నిజంగానే నమ్మాడు. ఆస్కార్ ఫంగ్‌స్ట్ అనే అతను పరీక్షించి 1907లో గుట్టు విప్పాడు. ప్రశ్న అడిగిన మనిషికే జవాబు తెలియకపోతే గుర్రానికీ తెలియదు. సరైన అంకె రాగానే అడిగేవాళ్ల తల, ఒళ్లు తమకే తెలియనంత కొద్దిగా కదిలేవి. గుర్రం చూసేది అది. గుర్రం తెలివి తక్కువదని కాదు, ఫంగ్‌స్ట్ తప్ప అక్కడున్న మనుషులెవరూ చూడని దాన్ని అది చూసింది. అందుకని కుక్కకు రెండు గిన్నెల పరీక్ష పెడితే, ఏ గిన్నెలో బిస్కెట్ ఉందో గిన్నెలు పెట్టే మనిషికి తెలియకూడదు. ఇంకొకరు వేసి మూత పెట్టాలి.

పీతల దగ్గరికి వద్దాం, నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇది. పొద్దున్నే జనం దిగకముందు జోడుగుళ్లపాలెం, సాగర్‌నగర్ వైపు ఇసుకలోకి వెళ్లి కదలకుండా కూర్చోండి. ముందు బొరియ అంచున కాడల మీద నిలబెట్టిన రెండు కళ్లు కనబడతాయి. తర్వాత పీత అడ్డంగా జరుగుతూ వచ్చి, కాళ్ల మధ్య పట్టుకొచ్చిన తడి ఇసుకను విసిరికొట్టి లోపలికి పోతుంది. దాని రెండు డెక్కల్లో ఒకటి పెద్దదిగా ఉంటుంది, అది కుడో ఎడమో రాసుకోండి. ఇప్పుడు లేచి, బొరియ బయట ఉన్న ఒక పీతవైపు తిన్నగా, ఒకే వేగంతో నడవండి. అది పరుగు అందుకున్న క్షణాన మీరున్నచోట ఒక గవ్వ పడేయండి. గవ్వ నుంచి పీత ఉన్న చోటుకు ఎన్ని అడుగులు, పీత నుంచి బొరియకు ఎన్ని అడుగులు అని రెండూ కొలవండి. ఒక పీతను ఒక్కసారే. ఇదే పని ఆర్కే బీచ్‌లోనూ, మనుషులు తక్కువ తిరిగే యారాడ పక్కనా చేసి పోల్చండి. జనానికి అలవాటుపడ్డ పీత మనల్ని ఎక్కువ దగ్గరికి రానిస్తుందా? జవాబు నేను చెప్పను, చెబితే ఆ ఆశతో మీ అడుగులు చిన్నవైపోతాయి. పీత సైజు, బొరియ దూరం, ఆటుపోట్ల వేళ, మీ బట్టల రంగు రెండు చోట్లా ఒకేలా ఉండాలని మాత్రం చెబుతాను.

లెక్కలు పోగయ్యాక "ఎందుకు?" అన్న ప్రశ్న వస్తుంది, దాన్ని ఒక ప్రశ్న అనుకుంటేనే గొడవ. జంతు ప్రవర్తన శాస్త్రవేత్త నికో టిన్‌బర్గెన్ 1963లో దాన్ని నాలుగుగా విడగొట్టాడు. పదేళ్లకు, 1973లో, ఆయనకూ కొన్‌రాడ్ లోరెంజ్‌కూ, తేనెటీగల నాట్యాన్ని చదివిన కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కూ కలిపి నోబెల్ ఇచ్చారు. ఆ నాలుగింటినీ మన కోయిల మీద పెట్టి చూడండి. వేసవిలోనే ఇంతలా ఎందుకు కూస్తోంది, దాని ఒంట్లో, బయటి వెలుతురులో ఏం మారింది? ఇది మొదటిది. కాకి గూట్లో కాకుల చేత తిండి పెట్టించుకుని పెరిగింది కదా, కావుకావుమనకుండా కుహూ అని ఎలా కూయగలుగుతోంది? ఇది రెండోది, పెంపకానికి సంబంధించింది. కూస్తే దానికేం లాభం? పాడే నల్లటి పక్షి మగది, ఆడది గోధుమ రంగు మీద తెల్లచుక్కలతో కొమ్మల్లో నక్కి ఉంటుంది. మగది కూస్తూ కాకుల్ని తన వెంట తిప్పుకుంటుంటే ఆడది గూట్లో దూరుతుందని చెబుతారు, అదీ మీరు చూసి లెక్కపెట్టదగ్గదే. నాలుగోది వంశం కథ. కోయిల కుటుంబంలోనిదే జెముడుకాకి, అది తన గూడు తనే కట్టుకుని తన పిల్లల్ని తనే పెంచుకుంటుంది. మరి కోయిలకు ఈ పరాయి గూటి అలవాటు ఎప్పుడు వచ్చింది? పిల్లలు ఒక ప్రశ్నకు ఇంకో దాని జవాబు చెప్పి వాదులాడుకుంటుంటారు. టీవీ చర్చల్లో పెద్దలూ అంతే.

జాగ్రత్తలు. పిల్లలు పెట్టిన కుక్క దగ్గరికి వెళ్లొద్దు, తింటున్న దాన్ని కదపొద్దు. పన్ను గానీ గోరు గానీ తగిలితే చిన్న గీతే కదా అనుకోకుండా సబ్బుతో నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోండి. చిలకను పంజరంలో పెట్టి గమనిస్తానంటే 1972 వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు. చలికాలం చివర మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్లకూ అదే చట్టం రక్ష. వాటి పిల్లలు ఇసుకలోంచి బయటపడగానే వెలుతురు ఎక్కువున్న వైపు పాకుతాయి. ఒకప్పుడు ఆ వెలుతురు సముద్రం మీది ఆకాశం, ఇప్పుడు బీచ్ రోడ్డు దీపాలు. కాబట్టి ఫోన్ లైటు, ఫ్లాష్ ఆపేయండి, చేత్తో ఎత్తకండి, అటవీశాఖవాళ్లు నిలబడమన్నచోటే నిలబడండి. జూలో కోతుల దగ్గరైతే ఏ భయమూ లేదు, కొత్తవాళ్లకు నిమిషానికోసారి చూపు సాధన చేయడానికి ఇందిరాగాంధీ జూ పార్కును మించిన చోటు లేదు. పల్లీలు మాత్రం వేయకండి. వేస్తే మీరు రాసేది కోతి ప్రవర్తన కాదు, పల్లీల ప్రవర్తన.

ఫోన్‌తో వీడియో తీసి కంప్యూటర్‌కు అప్పజెప్పొచ్చుగా అని ఈ మధ్య ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరు అడుగుతున్నారు. అప్పజెప్పొచ్చు. 2018లో వచ్చిన డీప్‌ల్యాబ్‌కట్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ వీడియోలో జంతువు ముక్కు, చెవి, తోక మొదలు ఎక్కడున్నాయో ఫ్రేము ఫ్రేముకూ గుర్తిస్తుంది. అయితే ముందు కొన్ని ఫ్రేముల్లో ముక్కేదో చెవేదో మనమే గుర్తులు పెట్టి నేర్పాలి. ఆ తర్వాత కూడా "వాసన చూస్తోంది" అంటే ముక్కు నేలకు ఎంత దగ్గరగా ఉండాలో తేల్చాల్సింది మనమే.

అది తేలిందో లేదో తెలుసుకోవడానికి చవకైన దారి ఇంకొకటుంది. స్నేహితుణ్ణో, ఇంట్లో ఎవరినో తీసుకెళ్లి, ఇద్దరూ ఒకే కుక్కను అరగంట చూడండి, ఒకరి పేజీ ఒకరు చూడకుండా. తర్వాత రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి ఎన్ని గడుల్లో ఒకే గుర్తు పడిందో లెక్కపెట్టండి. తేడా వచ్చిన గడులన్నీ దాదాపు రెండు మూడు పనుల దగ్గరే పోగుపడి ఉంటాయి. ఒకరికి ప అయింది ఇంకొకరికి త అవుతుంది, తల ఎంత ఎత్తితే ఎత్తినట్టో మీరు రాసుకోలేదు కాబట్టి. గడ్డం నేలకు తగలకపోతే త అని నిర్వచనం సరిచేయండి. పాత పేజీలు చింపకండి, కొత్త నిర్వచనం ఏ తారీఖు నుంచో మార్జిన్‌లో వేసుకుని మళ్లీ వెళ్లండి.